అరువు భాషలో సెలవుల బడి

కొరియా పిల్లలకు సెలవులొస్తే ఇంగ్లిష్ నేర్చుకోవడానికి ఫిలిప్పీన్స్ బాట పడతారు. వాళ్ల నోరు విప్పించే టీచర్లకు ఆ భాష పుట్టుకతో వచ్చింది కాదు. ఆ చదువు తమ పిల్లలకు చెప్పించే స్తోమతా లేదు.

కొరియాలో శీతాకాలం సెలవులు మొదలయ్యాయంటే చాలు, ఇంచియాన్ విమానాశ్రయంలో ఏటా ఒకటే దృశ్యం. ఒకే రంగు టోపీలు, మెడలో పేరు కార్డులు, తమకన్నా బరువైన సూట్‌కేసులు. ఎనిమిది నుంచి పదిహేనేళ్ల లోపు పిల్లలు బారులు తీరి ఉంటారు. తల్లులు చివరి నిమిషం జాగ్రత్తలు చెబుతుంటారు. నాలుగున్నర గంటలు గడిచేసరికి ఆ పిల్లలు ఫిలిప్పీన్స్‌లోని సెబులో దిగి, ఉన్ని కోట్లు విప్పి చంకన పెట్టుకుంటారు. సముద్రం, కొబ్బరి చెట్లు, మామిడిపళ్లు. చూసేవాళ్లకు ఇదో విహారయాత్ర. కానీ మర్నాడు పొద్దున్నే లేచి, టిఫిన్ ముగించి, పుస్తకాలు పట్టుకుని బల్లల ముందు కూర్చోవాల్సిందే. నాలుగు వారాలో ఎనిమిది వారాలో, రోజుకు ఎనిమిది తొమ్మిది గంటల ఇంగ్లిష్. రాత్రి పడుకోబోయే ముందు ఆ రోజు ఏం చేశారో ఇంగ్లిష్‌లో డైరీ రాయాలి. మర్నాటి పరీక్షకు యాభై కొత్త మాటలు బట్టీ పట్టాలి. దీన్ని కూడా వాళ్లు సెలవనే అంటారు.

సెలవుల్లో పిల్లలను భాష కోసం పరాయి దేశానికి పంపడం యూరప్‌లో పాత అలవాటే. బడిలో చదువు ఒంటబట్టని స్వీడన్ కుర్రాడు బెర్టిల్ హుల్ట్ లండన్‌లో పనికి కుదిరి, మాట్లాడుతూ మాట్లాడుతూ ఇంగ్లిష్ పట్టుకున్నాడు. 1965లో తన దేశపు పిల్లలను వేసవిలో ఇంగ్లండ్ పంపే సంస్థ పెట్టాడు. ఇప్పుడు ప్రపంచమంతా విస్తరించిన ఇఎఫ్ అదే. బ్రైటన్, హేస్టింగ్స్ లాంటి సముద్రతీర పట్టణాల్లో, మధ్యధరా ద్వీపం మాల్టాలో వేసవి వచ్చిందంటే ఇటలీ, స్పెయిన్, ఫ్రాన్స్ పిల్లలు ఇళ్లలో అతిథులుగా దిగుతారు. అక్కడ అమ్మే సరుకు సూటిగా ఉంటుంది: ఇంగ్లిష్ మాట్లాడే ఇల్లు, ఇంగ్లిష్ మాట్లాడే వీధి.

ఫిలిప్పీన్స్ కథ అలా కాదు. సెబు వీధిలో వినిపించేది సెబువానో. బాగియో కొండ మీద ఇలోకానో. మనీలాలో తగలోగ్. ఇంగ్లిష్ ఉంటుంది, బోర్డుల మీద, కోర్టుల్లో, కాలేజీల్లో, కాల్ సెంటర్లలో. అంటే దాదాపు మన హైదరాబాద్‌లో ఉన్నట్టే. మరి కొరియా తల్లిదండ్రులు అమెరికాను, కెనడాను వదిలి ఇక్కడికి ఎందుకు పంపుతున్నారు? ఖర్చు తక్కువ, దూరం తక్కువ అన్నది అందరూ చెప్పే జవాబు. అది నిజమే. కానీ పూర్తి నిజం ఆ తరగతి గదిలో ఉంది.

ఒక బల్ల, రెండు కుర్చీలు

సెబులోనైనా బాగియోలోనైనా ఇంగ్లిష్ అకాడమీ లోపలికి వెళ్తే మనకు ఒకప్పటి ఎస్‌టిడి బూత్‌లు గుర్తొస్తాయి. పొడుగాటి హాలు, పలచటి చెక్క గోడలతో విడగొట్టిన పదుల కొద్దీ చిన్న గదులు, తలుపుకో గాజు పలక. ఒక్కో గదిలో ఒక బల్ల, రెండు కుర్చీలు, చిన్న తెల్లబోర్డు. ఒక టీచర్, ఒక పిల్లవాడు. యాభై నిమిషాల చొప్పున రోజుకు నాలుగైదు ఇలాంటి పాఠాలు, ఆపైన నలుగురేసి కూర్చునే పాఠాలు. మొత్తం వ్యాపారం ఈ ముఖాముఖి మీదే నిలబడింది. లండన్‌లోనో టొరంటోలోనో ఒక్కో పిల్లవాడికి ఒక్కో టీచర్‌ను పెట్టాలంటే కలవారికి తప్ప సాధ్యం కాదు. ఇక్కడ సాధ్యమైందంటే టీచర్ జీతం అంత తక్కువ కాబట్టే. ఆ సంగతి తర్వాత.

ముందు పాఠం సంగతి. కొరియన్ భాషలో ‘ఎఫ్’ శబ్దం లేదు. ‘వి’ లేదు, ‘జెడ్’ లేదు. కాఫీ వాళ్ల నోట ‘కొపి’ అవుతుంది. ‘ఎల్’కు, ‘ఆర్’కు కలిపి ఒకటే అక్షరం. అందుకే అన్నం అడగబోయి పేలు అడిగిన పిల్లల కథలు ప్రతి అకాడమీలోనూ ఉంటాయి. మాట కొన్ని హల్లులతో ఆగడం వాళ్ల నాలుకకు కష్టం. చివర ఓ అచ్చు తగిలించకపోతే తోచదు. బస్ ‘బొసు’ అవుతుంది, కేక్ ‘కెయికు’ అవుతుంది. బస్సు, కేకు, పెన్ను, కారు అనే మనం దీనికి నవ్వకూడదు.

2008 జనవరిలో ఈ ఉచ్చారణ గొడవ ఏకంగా జాతీయ రాజకీయమైంది. అప్పుడే ఎన్నికైన అధ్యక్షుడు లీ మ్యుంగ్ బాక్ అధికార బదలాయింపు కమిటీకి సారథ్యం వహించిన లీ క్యుంగ్ సూక్, అమెరికాలో తాను ‘ఒరెంజి’ అంటే ఎవరికీ అర్థం కాలేదని, ‘అరింజి’ అన్నాకే పండు దొరికిందని చెప్పారు. ఇంగ్లిష్ మాటలను కొరియన్ లిపిలో రాసే పద్ధతే మార్చాలన్నది ఆమె వాదన. జనం పగలబడి నవ్వారు. కానీ చాలామంది తల్లులు లోలోపల కంగారు పడ్డారు కూడా. తమ పిల్లలు ఒరెంజి పిల్లలా, అరింజి పిల్లలా?

ఇక్కడే ఫిలిప్పీన్స్ టీచర్‌కు ఓ సదుపాయం ఉంది. తగలోగ్‌కు కూడా ‘ఎఫ్’ సొంత శబ్దం కాదు. ఆ దేశాన్ని అక్కడి జనం పిలుచుకునేది ‘పిలిపినాస్’ అని. ఆ శబ్దాన్ని టీచర్ చిన్నప్పుడు బడిలో నేర్చుకుంది. కింది పెదవి మీద పై పళ్లు ఎక్కడ ఆనాలో, గాలి ఎలా వదలాలో ఆమెకు తెలుసు, ఎందుకంటే ఆమె కూడా ఎవరో చూపిస్తేనే పట్టుకుంది. లండన్‌లో పుట్టినవాడికి అది ఊపిరితో వచ్చింది. ఎలా పలుకుతారంటే, ఇలాగే అంటాడు. ‘నేటివ్ స్పీకర్’ అయితేనే మంచి టీచర్ అన్న నమ్మకం మన దగ్గరా బలంగానే ఉంది. ఈత రానివాడికి ఈత నేర్పేందుకు చేపను పిలిచినట్టే అది.

శబ్దాల తర్వాత వాక్యం. కొరియన్‌లోనూ మన తెలుగులోలాగే క్రియ చివర వస్తుంది. విభక్తులు మాట వెనక తగులుతాయి. ‘ఎ’, ‘ది’ లాంటివి ఉండవు. నేనివాళ అన్నం తిన్నాను అన్న క్రమంలోనే ఇంగ్లిష్ మాటలు పేర్చుకుంటూ పోతాడు కొరియా కుర్రాడు. ఇక తిరకాసు ప్రశ్న వచ్చిందంటే గందరగోళమే. ‘నువ్వు తినలేదా?’ అని అడిగితే తినని పిల్లవాడు ‘యస్’ అంటాడు. ‘అవును, తినలేదు’ అని వాడి భావం. మనమూ అదే అంటాం. ఇంగ్లిష్‌లో అక్కడ ‘నో’ అనాలి. తిన్నాడనుకుని టీచర్ కంచం తీసేస్తే వాడు పస్తుంటాడు. కాబట్టి కొత్తగా చేరిన టీచర్లకు సీనియర్లు ముందు చెప్పే విషయాల్లో ఇదొకటి: వాడి ‘యస్’ను వెంటనే నమ్మొద్దు, మళ్లీ అడుగు.

నిజానికి వ్యాకరణం నేర్పడానికి ఈ పిల్లలు ఇంత దూరం రానక్కర్లేదు. కొరియాలో 1997 నుంచి మూడో తరగతిలోనే ఇంగ్లిష్ మొదలవుతుంది. సాయంత్రాలు ‘హగ్వన్’ అనే ట్యూషన్ సెంటర్లలో గడుస్తాయి. రాత పరీక్ష పెడితే కొన్ని ప్రశ్నల్లో టీచర్‌నే ఓడించగలరు. లేనిది నోరు. తప్పు మాట్లాడితే నలుగురిలో నవ్వులపాలవుతామన్న భయం వాళ్ల గొంతు మీద కూర్చుని ఉంటుంది. మొదటి వారం చాలా గదుల్లో వినిపించేది టీచర్ గొంతొక్కటే. పిల్లవాడు వాక్యాన్ని మనసులో పూర్తిగా కట్టుకుని, ఒకటికి రెండుసార్లు సరిచూసుకుని, అప్పుడు గుసగుసగా బయటపెడతాడు. ఆ గుసగుసను ఏమాత్రం సరిదిద్దబోయినా మళ్లీ మూసుకుపోతాడు. కాబట్టి మంచి టీచర్ మొదటి వారం తప్పులు దిద్దదు. బొమ్మలు గీయిస్తుంది, పేకముక్కలు ఆడిస్తుంది, తనే కావాలని ఓడిపోతుంది. ఆటలో మోసం చేశావని పిల్లవాడు కోపంగా అరిచే దాకా ఎదురుచూస్తుంది. కోపంలో వ్యాకరణం చూసుకునే తీరిక ఉండదు. తొలి వాక్యం సాధారణంగా అలా దూకుతుంది.

వారాంతాల్లో పాఠం వీధిలోకి వస్తుంది. పిల్లల చేతికి కొన్ని పెసోలిచ్చి జాలిబీ హోటల్‌కు తీసుకెళ్తారు. ఫిలిప్పీన్స్‌లో మెక్‌డొనాల్డ్స్‌ను వెనక్కి నెట్టిన సొంత హోటళ్లు అవి. టీచర్ వెనక బల్ల దగ్గర కూర్చుంటుంది. కావాల్సింది వాళ్లే వెళ్లి అడిగి తెచ్చుకోవాలి. కౌంటర్‌లోని అమ్మాయి ఇంగ్లిష్ కూడా అంతంతే. ఇద్దరూ తడబడుతూనే కోడి ముక్కల సంఖ్య మీద ఓ ఒప్పందానికి వస్తారు. తన భాష రాని మరో మనిషితో, అదీ తనలాగే తప్పులు మాట్లాడే మనిషితో పని జరిపించుకోవడం పిల్లవాడికి అదే మొదటిసారి కావచ్చు. ప్రపంచంలో ఇంగ్లిష్ మాట్లాడుకునే సందర్భాల్లో చాలా భాగం ఇలాంటివే. బకింగ్‌హామ్ ప్యాలెస్‌లో టీ తాగే అవకాశం ఎంతమందికి వస్తుంది గనక.

రాత్రి పూట టీచర్లు

సెలవుల శిబిరాల్లో అసలు పరీక్ష పగటి పూట కాదు. పిల్లలతో పాటు అదే గదిలోనో పక్క గదిలోనో నిద్రపోయే ‘బడ్డీ టీచర్’ ఒకరుంటారు. సాధారణంగా కాలేజీ దాటి ఏడాదో రెండేళ్లో అయిన అమ్మాయి. పొద్దున లేపడం, జడలు వేయడం, పళ్లు తోముకున్నారో లేదో చూడటం, బట్టలు లాండ్రీలో తారుమారు కాకుండా గుర్తులు పెట్టడం, వాటన్నిటి మధ్య ఇంగ్లిష్ మాట్లాడించడం ఆమె ఉద్యోగం. మూడో రాత్రో నాలుగో రాత్రో తొమ్మిదేళ్ల పిల్ల దుప్పటి ముసుగు తన్ని ఏడుస్తుంది. కొరియన్‌లోనూ తండ్రిని ‘అప్పా’ అనే అంటారు, తల్లిని ‘ఒమ్మా’ అంటారు. ఆ రెండు మాటలు అర్థం కావడానికి టీచర్‌కు ఏ నిఘంటువూ అక్కర్లేదు. కానీ కడుపులో నొప్పా, కలొచ్చిందా, పక్క మంచం పిల్ల ఏమైనా అందా? అది చెప్పడానికి పిల్ల దగ్గర ఇంగ్లిష్ లేదు, వినడానికి టీచర్ దగ్గర కొరియన్ లేదు. ఆ అర్ధరాత్రి చేతి సైగలతో, బొమ్మలతో, పది మాటలతో ఇద్దరూ నెగ్గుకొస్తారు. మర్నాడు ఆ పది మాటలు మాత్రం ఆ పిల్ల ఎప్పటికీ మర్చిపోదు.

చాలా అకాడమీల్లో ‘ఇంగ్లిష్ మాత్రమే’ అన్న నియమం ఉంటుంది. సొంత భాషలో మాట్లాడితే మార్కులు కోస్తారు, లేదా చిన్నపాటి జరిమానా. కఠినంగా ఉండేవాటికి ‘స్పార్టా’ పద్ధతి అని పేరు. వారం మధ్యలో గేటు దాటనివ్వరు. అమెరికన్లు వేసవి రాజధానిగా కట్టుకున్న చల్లటి కొండ ఊరు బాగియో దీనికి ప్రసిద్ధి. పెద్దవాళ్లు కోరి తెచ్చుకునే శిక్ష అది, వాళ్లిష్టం. జ్వరంతో ఉన్న పిల్లవాడిని కూడా పరాయి భాషలోనే మూలగమనడం మాత్రం తెలివితక్కువతనం. అనుభవమున్న టీచర్లు అలాంటప్పుడు విననట్టు ఊరుకుంటారు.

వారం చివర తల్లులకు నివేదిక వెళ్తుంది. ఫొటోలు అంతకన్నా ముందే, ఏ రోజుకారోజు. ఏ ఫొటోలో పిల్ల నవ్వలేదో, ఏ ఫొటోలో ఒంటరిగా నిలబడిందో భూతద్దం పెట్టి చూసే తల్లులుంటారు. వెంటనే ఫోను. దాంతో నవ్వించి ఫొటో తీయడం కూడా టీచర్ పనుల్లో చేరిపోయింది. నివేదికలో రాసే మాటలకూ ఓ ఒరవడి ఏర్పడింది. ‘చురుకైనవాడు’ అంటే తరగతిలో కుదురుగా కూర్చోడని. ‘ఆలోచనాపరుడు’ అంటే నోరు విప్పలేదని.

తల్లుల ఆత్రుతను వెక్కిరించడం తేలిక. కానీ ఆ సమాజం లెక్కలు వేరు. విదేశీ ప్రయాణాలకు కొరియా ప్రభుత్వం పూర్తిగా తలుపులు తెరిచింది 1989లోనే. 1997 ఆర్థిక సంక్షోభంలో పెద్ద కంపెనీలు కూలినప్పుడు ఇంగ్లిష్ వచ్చినవాడికే కొత్త ఉద్యోగమన్న పాఠం జనం మనసులో నాటుకుంది. 2006 ఒక్క ఏడాదే దాదాపు 30 వేల మంది బడి పిల్లలు చదువు కోసం దేశం దాటారు. భార్యాబిడ్డలను విదేశానికి పంపి, ఇక్కడ ఒంటరిగా సంపాదిస్తూ ఏడాదికోసారి ఎగిరివెళ్లి చూసొచ్చే తండ్రులకు ‘గిరొగి అప్పా’, అంటే అడవి బాతు నాన్న అని పేరొచ్చింది. ఆ వలస ఆపాలనే అదే ఏడాది సియోల్ దగ్గర పాజులో ఏకంగా ఓ ఇంగ్లిష్ ఊరు కట్టారు. ఉత్తుత్తి ఇమిగ్రేషన్ కౌంటరు, ఉత్తుత్తి బ్యాంకు, దుకాణాలు. కొన్నాళ్లకే నష్టాలు మొదలయ్యాయి. పిల్లలు తగ్గుతున్నా ప్రైవేటు చదువుల మీద కొరియన్లు 2024లో పెట్టిన ఖర్చు 29 లక్షల కోట్ల వన్‌లు దాటింది. ఇంగ్లిష్ కిండర్‌గార్టెన్‌లో సీటు కోసం నాలుగేళ్ల పిల్లలకు ప్రవేశ పరీక్ష పెట్టడం మీద అక్కడి పత్రికలు దుమ్మెత్తి పోస్తున్నాయి. ఆ లెక్కన నాలుగు వారాల సెబు శిబిరం మధ్యతరగతికి చవక బేరం.

చవక బేరంలో మోసాలూ ఉంటాయి. చట్టం ప్రకారం స్వల్పకాలిక చదువుకొచ్చే ప్రతి విదేశీ విద్యార్థికి ప్రత్యేక అనుమతి పత్రం ఉండాలి. తల్లో తండ్రో వెంట లేకుండా వచ్చే 15 ఏళ్ల లోపు పిల్లలకు విడిగా మరో మినహాయింపు కావాలి. 2011 జనవరిలో ఈ అనుమతులు లేకుండా శిబిరాలు నడిపిన ఏజెంట్ల వల్ల వంద మందికి పైగా కొరియా పిల్లల పాస్‌పోర్టులు ఇమిగ్రేషన్ అధికారుల చేతికి చిక్కాయి. సెలవుల చదువుకని పంపిన పిల్లలు ఇంటికెప్పుడొస్తారో తెలియక తల్లిదండ్రులు తల్లడిల్లారు. 2016లో ఏంజెలెస్‌లో ఓ కొరియా వ్యాపారిని పోలీసులే అపహరించి చంపిన ఉదంతం మరో దెబ్బ. అయినా రాక ఆగలేదు. 2019లో ఫిలిప్పీన్స్ వచ్చిన కొరియన్లు దాదాపు 20 లక్షలు. ఏ దేశం నుంచీ అంతమంది రాలేదు.

ఓడలో వచ్చిన ఇంగ్లిష్

ఈ టీచర్లకు ఇంగ్లిష్ ఎలా వచ్చింది? 1901 ఆగస్టులో థామస్ అనే అమెరికా సైనిక రవాణా నౌక మనీలా రేవులో ఆగింది. దాంట్లోంచి దిగింది సైనికులు కాదు, దాదాపు 500 మంది పంతుళ్లు, పంతులమ్మలు. స్పెయిన్ నుంచి దీవులను గుంజుకున్న అమెరికా, ఎదురు తిరిగిన జనంతో యుద్ధం చేస్తూనే మరో చేత్తో బడులు తెరిచింది. అదే ఏడాది జనవరిలో చేసిన చట్టం ఇంగ్లిష్‌ను బోధనా భాష చేసింది. మెకాలే 1835లో మన దగ్గర ఓ తరగతికి పరిమితం చేయబోయిన పనిని అమెరికన్లు ఊరూరా మొదలుపెట్టారు. ఆ పంతుళ్లకు ఓడ పేరు మీదే ‘థామసైట్లు’ అన్న పేరు స్థిరపడింది.

పాతికేళ్లయ్యాక లెక్క చూసుకున్నారు. 1925లో పాల్ మన్రో సారథ్యంలోని బృందం బడులన్నీ తిరిగి ఇచ్చిన నివేదిక, పరాయి భాషలో చదవాల్సి రావడమే పిల్లలకు పెద్ద ఆటంకమని తేల్చింది. అయినా ఇంగ్లిష్ పోలేదు. ఎందుకంటే అప్పటికే అది ఉద్యోగమైంది. తర్వాత నర్సులకు, నావికులకు, ఇంటి పనివాళ్లకు విదేశీ టికెట్టయింది. 2010 ప్రాంతంలో కాల్ సెంటర్ల వ్యాపారంలో ఫిలిప్పీన్స్ మన దేశాన్ని దాటిపోవడం హైదరాబాద్, బెంగళూరు కంపెనీలకు బాగానే గుర్తుంటుంది. ఓడ మీద వచ్చిన భాషను నాలుగు తరాలు అరిగించుకుని, ఇప్పుడు విమానంలో వచ్చిన పిల్లలకు గంటల లెక్కన అద్దెకిస్తున్నారు.

ఆ అద్దెలో టీచర్‌కు దక్కేదెంత? సర్కారు బడిలో కొత్తగా చేరిన టీచర్‌కు 2025లో మూలవేతనం నెలకు 30 వేల పెసోలు దాటింది. చాలా అకాడమీల్లో దొరికేది అంతకన్నా తక్కువే. పాఠాల లెక్కన జీతం, పాఠం లేకపోతే జీతం లేదు. జనవరి, ఫిబ్రవరి, మళ్లీ జులై, ఆగస్టు నెలల్లో ఊపిరి సలపని పని. మధ్యలో పెద్దవాళ్ల తరగతులు, అవీ లేకపోతే ఇల్లు. అందుకే టీచర్ లైసెన్స్ పరీక్ష పాసైన వెంటనే చాలామంది సర్కారు కొలువుకు దరఖాస్తు పెట్టుకుంటారు. అకాడమీలు ఎప్పుడూ కొత్త మొహాలతోనే నడుస్తుంటాయి. క్లార్క్ లాంటి చోట్ల అమెరికా, బ్రిటన్ పాస్‌పోర్టు ఉన్న టీచర్లను కూడా పెట్టి, వాళ్ల పాఠాలకు ఎక్కువ రుసుం వసూలు చేస్తారు. వాళ్లలో కొందరికి బోధనలో ఏ శిక్షణా ఉండదు. పక్క గదిలోని స్థానిక టీచర్ బోధన డిగ్రీతో తక్కువ జీతానికి అదే పుస్తకం చెబుతుంటుంది.

ఇంకో లెక్క ఇంతకన్నా చేదు. 2018లో పదిహేనేళ్ల పిల్లల చదువును కొలిచే అంతర్జాతీయ పరీక్ష ‘పీసా’లో ఫిలిప్పీన్స్ మొదటిసారి పాల్గొంది. పఠన సామర్థ్యంలో 79 దేశాల, ప్రాంతాల జాబితాలో అట్టడుగున నిలిచింది. అక్కడ ఆ పరీక్ష జరిగింది ఇంగ్లిష్‌లోనే. కొరియా పిల్లలు సెలవుల్లో వచ్చి ఇంగ్లిష్ నేర్చుకునే దేశంలో సొంత పిల్లలు ఆ భాషలో ఓ పేరా చదివి అర్థం చేసుకోలేకపోతున్నారు. ఇందులో వింతేమీ లేదు. అకాడమీ గదిలో ఒక టీచర్‌కు ఒక పిల్లవాడు. అదే టీచర్ కొడుకు చదివే సర్కారు బడిలో ఒక గదిలో నలభై, యాభై మంది. 2013 చట్టంతో మూడో తరగతి వరకు ఇంటి భాషలో చదువు చెప్పాలని మొదలుపెట్టారు. పుస్తకాలు, శిక్షణ సరిగ్గా అందకుండానే పదేళ్లు గడిచాయి. 2024 అక్టోబర్‌లో ఆ తప్పనిసరిని ఎత్తేశారు.

ఈ గొడవ మనకు కొత్త కాదు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2019 నవంబర్‌లో సర్కారు బడులన్నింటినీ ఇంగ్లిష్ మాధ్యమంలోకి మారుస్తూ ఉత్తర్వులిచ్చింది. 2020 ఏప్రిల్‌లో హైకోర్టు వాటిని కొట్టేసింది. తెలంగాణ 2022-23 నుంచి ఇంగ్లిష్ మాధ్యమం ప్రవేశపెట్టింది. రెండు చోట్లా వాదనలు మాధ్యమం చుట్టూ తిరిగాయి తప్ప, నోరు విప్పించే టీచర్ ఎక్కడి నుంచి వస్తారన్న ప్రశ్న దగ్గర పెద్దగా ఆగలేదు. ఆ ప్రశ్నకు జవాబు వెతకడానికే 1958లో హైదరాబాద్‌లో కేంద్ర ఇంగ్లిష్ సంస్థను స్థాపించారు. ఇప్పటి ఇఫ్లూ అదే. ఆసియా, ఆఫ్రికా దేశాల అధికారులు, టీచర్లు ఇంగ్లిష్ కోసం అక్కడికి వచ్చి వెళ్తుంటారు. గుంటూరు జిల్లా సర్కారు బడి పిల్లవాడికి మాత్రం వేసవి సెలవుల్లో వీధి చివరి ‘ముప్పై రోజుల్లో స్పోకెన్ ఇంగ్లిష్’ బోర్డే దిక్కు. వాడి నోట తప్పిపోయే ‘ఎ’లు, ‘ది’లు, తిరగబడే ‘యస్’లు అచ్చం కొరియా పిల్లవాడివే. ఎదురుగా యాభై నిమిషాలు కూర్చుని, పేకాటలో కావాలని ఓడిపోయే మనిషి మాత్రం వాడికి లేరు.

తెలుగువాళ్లకు ఫిలిప్పీన్స్ అనగానే గుర్తొచ్చేది దవావో మెడికల్ కాలేజీలు. ఎంబీబీఎస్ సీటు దొరకని మన పిల్లలు వందల సంఖ్యలో అక్కడికి వెళ్లారు. ఇంగ్లిష్‌లోనే పాఠాలన్నది ఏజెంట్లు చెప్పే పెద్ద ఆకర్షణ. తరగతిలో ఆ మాట నిజమే. ఆస్పత్రి వార్డులో మాత్రం రోగి బిసాయాలో మూలుగుతాడు.

ఖాళీ గదులు

2020 మార్చిలో కరోనాతో అకాడమీలన్నీ ఒక్కసారిగా మూతపడ్డాయి. టీచర్లు ఇళ్లలో పరుపు గోడకు ఆనించి, దాని ముందు హెడ్‌ఫోన్ పెట్టుకుని చైనా పిల్లలకు ఆన్‌లైన్ పాఠాలు చెప్పారు. 2021 జులైలో చైనా ప్రభుత్వం ప్రైవేటు ట్యూషన్లపై ఉక్కుపాదం మోపి, విదేశాల్లో ఉన్న టీచర్లతో తన పిల్లలకు పాఠాలు చెప్పించడాన్ని నిషేధించింది. ఆ దారీ మూసుకుపోయింది. 2022లో సరిహద్దులు తెరిచాక కొన్ని అకాడమీలు మళ్లీ లేవలేదు.

తెరుచుకున్నవాటికి కొత్త బెంగ ఒకటుంది. కొరియాలో పిల్లలే పుట్టడం లేదు. 2023లో అక్కడి సంతాన రేటు 0.72. ఇద్దరు దంపతులకు కలిపి ఒకటిన్నర మంది పిల్లలు కూడా లేరన్నమాట. దాంతో అకాడమీల చూపు జపాన్, తైవాన్, వియత్నాం మీదకు మళ్లింది. 2020లో ఐదు, ఆరు తరగతుల్లో ఇంగ్లిష్‌ను సబ్జెక్టుగా పెట్టిన జపాన్ నుంచి తల్లీ బిడ్డా కలిసి వచ్చే పద్ధతి పెరుగుతోంది. ఒక గదిలో కూతురు, పక్క గదిలో తల్లి. సాయంత్రం ఒకరి హోంవర్క్ ఒకరికి చూపించుకుంటారు. ఫోన్‌లోని కృత్రిమ మేధ గంటల తరబడి విసుగు లేకుండా ఇంగ్లిష్ మాట్లాడుతోంది, జీతం అడగదు, ఉచ్చారణా దిద్దుతుంది. పెద్దవాళ్లు చాలామంది అటే మొగ్గుతున్నారు. తొమ్మిదేళ్ల పిల్లలు రాత్రిపూట ఏడ్చినప్పుడు మాత్రం ఇంకా మనిషే లేవాల్సి వస్తోంది.

శిబిరం చివరి రాత్రి ఓ చిన్న కార్యక్రమం ఉంటుంది. పాటలు, నాటిక, సర్టిఫికెట్లు. నాలుగు వారాల కిందట గుసగుసలాడిన పిల్లవాడు మైకు పట్టుకుని అరుస్తాడు. వ్యాకరణం ఎప్పట్లాగే ఉంటుంది. దాన్నెవరూ పట్టించుకోరు. మర్నాడు తెల్లవారక ముందే బస్సులు విమానాశ్రయానికి బయల్దేరతాయి. పిల్లలు టీచర్లను వాటేసుకుంటారు, మళ్లీ వస్తామంటారు. కొందరు వస్తారు కూడా. బస్సు వెళ్లిపోయాక బడ్డీ టీచర్లు దుప్పట్లు తీసి లాండ్రీకి వేస్తారు, మంచాల కింద మిగిలిన పెన్సిళ్లు, ఒంటి సాక్సులు ఏరుతారు, తలుపుల మీది పేర్లు పీకేస్తారు. కొంతమంది బ్యాగు సర్దుకుని, ఊళ్లో అమ్మమ్మ దగ్గర వదిలొచ్చిన సొంత బిడ్డ కోసం ఆ మధ్యాహ్నం పడవో బస్సో ఎక్కుతారు. మళ్లీ పిలుపు జులైలో రావచ్చు.